సాదత్ సారును బతికించిన సినిమా

12 ఆగస్టు 2000, శనివారం

విశ్వేశ్వరరావు ఇంట్లో భోజనం. హైదరాబాద్ నుంచి కృష్ణప్రసాద్ అనే దర్శకుడు వచ్చాడు. నా కథ సినిమా తీస్తారట. నా కథ అంటే నాది కాదు. పత్రికలో ఉన్నప్పుడు ఒక కిడ్నాప్ కేసు మీద నేను వరసగా రాసిన వార్తలు.

డబ్బు పెట్టేది విశ్వేశ్వరరావే. ఆ వార్తల్లో ఆయన కూడా ఉన్నాడు. అప్పుడు అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటరు ఓనరు. ఇప్పుడు ఇక్కడ సింగపూర్ సైన్స్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓనరు. మా ఆవిడ సత్యవాణి ఆయన దగ్గరే ప్రోగ్రామర్. ఆవిడ ఉద్యోగం మీద వచ్చిన పాస్‌తోనే నేనూ, పాప దీక్షితా ఈ దేశంలో ఉన్నాం.

"డార్క్ కామెడీ గురువుగారూ," అన్నాడు కృష్ణప్రసాద్. "జనం పడీపడీ నవ్వాలి. నవ్వినందుకు ఇంటికెళ్లాక సిగ్గుపడాలి. మొదట్లోనే తెర మీద 'ఇది నిజంగా జరిగిన కథ' అని పడుతుంది. దాని కింద మీ పేరు."

పేరుదేముంది. డబ్బు ఎవరిదైతే ఏముంది. కథ నిజమైతే చాలు.

13 ఆగస్టు

పొద్దున దర్శకుడికి కేసు మొత్తం చెప్పాను. ఎక్కడైనా తప్పు చెప్పానేమోనని మళ్లీ రాసి చూసుకుంటున్నాను.

1998 డిసెంబరు. 2000 రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వై టూ కే భయంతో, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష తెలిసినవాళ్ల కోసం ప్రపంచం వెతుకుతున్న రోజులు. అమీర్‌పేటలో కోబాల్ చెప్పగలిగే మాస్టర్లు తక్కువ. ఒక సెంటరు మాస్టరును బస్టాపులోనే పట్టుకుని, ఎక్కువ జీతం చెప్పి, ఇంకో సెంటరు వాళ్లు తీసుకుపోయేవాళ్లు. అందుకని విశ్వేశ్వరరావు తన కోబాల్ మాస్టరు సాదత్‌ను రోజూ తన సొంత కారు పంపి తెప్పించుకునేవాడు. సాదత్ టై కట్టుకుని వెనక సీట్లో కూర్చునేవాడు.

నలుగురు కుర్రాళ్లు ఆ సెంటర్లో ఫీజు కట్టారు. నెలలు గడిచినా క్లాసు మొదలు కాలేదు. ఓనరును ఎత్తుకెళ్లి ఫీజు వెనక్కి అడుగుదామనుకున్నారు. ఓనరును వాళ్లెప్పుడూ చూడలేదు. కారును చూశారు. వెనక సీట్లో టై కట్టుకుని కూర్చున్నవాడు ఓనరు కాక ఎవరవుతాడు? డ్రైవరు టీకి దిగినప్పుడు సాదత్‌ను వ్యాను ఎక్కించారు. డ్రైవరు వచ్చి చూసి, ఓనరు దగ్గరకు పరుగెత్తి, "వేరే సెంటరోళ్లు ఎత్తుకపోయిన్రు సార్" అన్నాడు. విశ్వేశ్వరరావు నమ్మాడు. అమీర్‌పేటలో ఎవరైనా నమ్ముతారు.

ఘట్‌కేసర్ దగ్గర ఖాళీగా ఉన్న కోళ్ల ఫారంలో దాచారు. సెంటరుకు ఫోన్ చేసి, "మీ ఓనర్ మా దగ్గరున్నడు" అన్నారు. "ఓనర్ని నేనే" అని విశ్వేశ్వరరావు పెట్టేశాడు. మర్నాడు మళ్లీ చేశారు. ఈసారి సాదత్ చేత ఆయనతో మాట్లాడించారు. ఆ మాటలు రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి విన్నది, కోర్టులో చెప్పింది. విశ్వేశ్వరరావు పోలీసులకు చెప్పలేదు. సోమవారం కొత్త బ్యాచ్ ఉంది.

కుర్రాళ్లకు ఏం చేయాలో తోచలేదు. సాదతే అన్నాడట: "ఎట్లాగూ పట్టుకొచ్చిన్రు. సిలబస్ అన్న పూర్తి చేసుకోండి." గోడ మీద బొగ్గుతో కోబాల్ చెప్పాడు. వాళ్లు కట్టిన ఫీజుకు జరిగిన క్లాసు అదొక్కటే.

మూడో రోజు సాదత్‌కు ఛాతీ నొప్పి వచ్చింది. ఇద్దరి మధ్య స్కూటరు మీద కూర్చోబెట్టి ఆస్పత్రికి బయలుదేరారు. మిగతా ఇద్దరూ బస్సు ఎక్కారు. ఉప్పల్ చౌరస్తాలో ముగ్గురెక్కారని కానిస్టేబుల్ ఆపాడు. నన్ను ఎత్తుకొచ్చారు అని చెప్పడానికి సాదత్‌కు అంతకంటే మంచి అవకాశం లేదు. అతను అన్నది: "నా స్టూడెంట్లు. పరీక్షకు లేటయితుంది. ఒదిలెయ్యన్నా." కానిస్టేబుల్ వదిలేశాడు. ఆస్పత్రి గేటు దగ్గర సాదత్ పోయాడు. నలుగురూ పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నారు. ఇప్పుడు జైల్లో ఉన్నారు.

తప్పేమీ లేదు. ఇంతే జరిగింది.

20 ఆగస్టు

పోస్టరు నమూనా చూపించారు. నా పేరు అడుగున ఉంది, హీరో చెప్పుకన్నా చిన్నగా. నాకు అలాంటివి పట్టవు. కొలిచింది దీక్షిత. నేను స్కేలు ఇచ్చాను, అంతే.

26 ఆగస్టు

సాదత్ భార్య కనీజ్ ఫాతిమా కొడుకు రెహాన్‌తో ఇక్కడే ఉంటుంది. అతను ఒక బ్యాంకులో ప్రోగ్రామర్. సినిమా సంగతి ఆమెకు చెప్పాలి. వాళ్లుండేది పాసిర్ రిస్. మేముండేది క్లెమెంటి. రైలు మారక్కర్లేదు గానీ, ఈ చివర నుంచి ఆ చివర. దూరం.

2 సెప్టెంబరు

మొదటి సగం చదివి వినిపించారు. నవ్వాను. కోళ్ల ఫారంలో కిడ్నాపర్లను ఒంటికాలి మీద నిలబెట్టే సీను ఉంది. అది జరగలేదు, కానీ సాదత్ ఉన్నచోట జరగనిది కాదు.

ఫోన్ సీన్లు రెండూ లేవు. అడిగాను.

"లెంగ్త్ గురువుగారూ," అన్నాడు కృష్ణప్రసాద్.

విశ్వేశ్వరరావు ఎదురుగా కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు. తల ఎత్తలేదు. లెంగ్త్ సమస్య నిజమే అయి ఉండొచ్చు.

9 సెప్టెంబరు

రెండో సగం విన్నాను.

సినిమాలో సాదత్ చావడు. చచ్చినట్టు నటిస్తాడు. కిడ్నాప్ ప్లాను మొత్తం అతనిదే. చౌరస్తాలో "నా స్టూడెంట్లు" అన్నది అందుకేనట. ఓనరు పరువు తీసి, డబ్బు కొట్టేసి, సింగపూర్ బీచిలో కొబ్బరి బొండం తాగుతుంటాడు. శుభం.

"ఇది జరగలేదు," అన్నాను.

"మరి ఆ మాట ఎందుకన్నాడు? మీరు చెప్పండి," అన్నాడు కృష్ణప్రసాద్.

"నాకు తెలియదు. కానిస్టేబుల్ విన్నది రాశాను. కారణం రాయలేదు."

"మీరు పేపరు గురువుగారూ, కారణం లేకుండా నడుస్తుంది. రేపు హాల్లో కారణం చెప్పకపోతే కుర్చీలు విరగ్గొడతారు. మీరు ఖాళీ వదిలారు, నేను నింపాను."

విశ్వేశ్వరరావు చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "నాకూ మొదట్నించీ అదే అనుమానం మహీధర్ గారూ. అంత తెలివైనవాడు ఊరికే వెళ్లి వ్యాను ఎక్కుతాడా? మనసులో ఉన్నది ఇన్నాళ్లకి ఒకరు చెప్తున్నారు."

10 సెప్టెంబరు

సినిమా సినిమాయే.

11 సెప్టెంబరు

పాసిర్ రిస్ వెళ్దామనుకున్నాను. వాన.

17 సెప్టెంబరు

వాన లేదు. వెళ్లలేదు. దీక్షితకు లెక్కల పరీక్ష.

23 సెప్టెంబరు

బీచి సీను ఇవాళ తీశారు. సెంతోసా దీవిలో అనుమతి దొరక్క, పాసిర్ రిస్ బీచికి మార్చారు. నాకు పొద్దునే తెలిసింది. వద్దని చెప్పడానికి నేనెవరిని?

జనం కావాలని తెలుగు సంఘం వాళ్లు ఇంటింటికీ ఫోన్లు చేశారు. భోజనం పెడతామంటే యాభై కుటుంబాలు చాపలతో సహా దిగాయి. మంచి చోట్లలో రుమాళ్లు పరిచి, ఇక్కడివాళ్లు హాకర్ సెంటర్లో తిండి బల్ల పట్టుకున్నట్టు, చోప్ చేసుకున్నారు. సాదత్ వేషం వేసింది వీరభద్రరావు అనే నాటకాల నటుడు. పూల చొక్కా, నల్ల కళ్లద్దాలు, రెండు పక్కలా ఇద్దరు తెల్ల డాన్సర్లు. నీళ్లలో గెంతుతూ బొండం తాగాలి.

"డాడీ, దట్ అంకుల్ సో ఫన్నీ లా," అంది దీక్షిత, ఇక్కడి స్కూలు ఇంగ్లీషులో.

"సాదత్ సార్ రెడీ" అని మైకులో అరిచారు. జనంలోంచి ఒక ఆడమనిషి లేచి నిలబడింది. కనీజ్ ఫాతిమా. పక్క ఫ్లాటు వాళ్లు షూటింగ్ ఉందంటే వచ్చిందట. ఇల్లు రోడ్డుకు అవతలే.

నన్ను చూసి దగ్గరకొచ్చింది. కోర్టు రోజుల నుంచి నన్ను పేరు పెట్టి భాయ్ అనే పిలుస్తుంది.

"మహీధర్ భాయ్, గా పూల అంగీ ఆయన ఎవరు?"

చెప్పాను. కథ మొత్తం చెప్పాను. నిలబడే విన్నది. మధ్యలో రెండు టేకులు అయ్యాయి.

"మా ఆయన సముద్రంల దిగడు," అంది. "జలుబు చేస్తదని చార్మినార్ కాడ వాన నీళ్లల్ల గూడ కాలు పెట్టలే."

నీళ్లలో గెంతుతున్న వీరభద్రరావు వైపు మళ్లీ చూసింది.

"బతికిచ్చిన్రు గదా. మంచిదే. పని అయినంక ఇంటికి పంపమను. బ్లాకు నంబరు నువ్వు చెప్తవా, నేను పోయి చెప్పాల్నా?"

గొంతు పెంచలేదు. కానీ పక్కనే చాప మీద కూర్చున్న వాళ్లు తినడం ఆపారు. వీరభద్రరావుకు వినపడినట్టుంది, కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. కృష్ణప్రసాద్ మళ్లీ పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాడు. టేక్ ఓకే అయింది.

24 సెప్టెంబరు

పాసిర్ రిస్ వెళ్లాను. రైల్లో కూర్చుంటే అదే తీసుకెళ్లింది.

కనీజ్ ఫాతిమా చాయ్ పెట్టింది. ఏడుస్తుందనుకుని సిద్ధపడి వెళ్లాను. ఆమె మొదట అడిగింది, సినిమాలో ఆయన చెప్పే జోకులేమిటని. కొన్ని చెప్పాను.

"గియ్యేం జోకులు భాయ్? ఆయన మీద జోకులేస్తే నాకు కోపమా? పాతికేండ్లు నేనే ఏసిన. ఓనర్ అనుకొని కోబాల్ సారును ఎత్తుకపోయిన్రని ఇన్ననాడు, అల్లా మాఫ్ చెయ్యాలె, ముందుగాల నవ్వే వచ్చింది నాకు. నవ్వుకోమను. నవ్వే సంగతే అది. కాని దొంగను చేస్తరా?"

రెహాన్ కూరగాయలు తెచ్చి లోపల పెట్టి వచ్చాడు. "అమ్మీ, లీవ్ ఇట్. వాళ్లకు పైసలున్నయ్." నా వైపు తిరిగి, "అంకుల్, ఈ స్టోరీ మీకు నిన్న తెలిసిందా?" అన్నాడు.

"రెండు వారాలైంది."

"ఓకే," అని గదిలోకి వెళ్లిపోయాడు.

కనీజ్ ఫాతిమా ఖాళీ కప్పు తీసుకుంటూ అడిగింది. "నా స్టూడెంట్లని ఎందుకన్నడు? నువ్వు పేపరోనివి, చెప్పు."

"నాకు తెలియదమ్మా."

"నాకూ తెల్వదు. దవాఖానకు జల్ది పోదామని అన్నడో, పోరగాండ్ల మీద పాపమనిపించి అన్నడో. పాతికేండ్లు కాపురం చేసినదాన్ని, నాకే తెల్వదు. విశ్వేశ్వరరావుకు ఎట్ల తెలిసింది?"

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నేను వాదించాల్సిన మాట అది. ఆవిడ చాయ్ కప్పు కడుగుతూ అన్నది.

25 సెప్టెంబరు

కృష్ణప్రసాద్‌కు ఫోన్ చేశాను. ముగింపు మార్చండి, లేదా 'నిజంగా జరిగిన కథ' అన్న మాట తీసేయండి అన్నాను. ఆ మాట తీసేస్తే సినిమాకు బేరం లేదట, కొన్నవాళ్లు ఆ మాట చూసే కొన్నారట. శనివారం సెరంగూన్ రోడ్డు హోటల్లో ప్రెస్‌మీట్. హైదరాబాద్ నుంచి విలేకరులను విమానంలో తెస్తున్నారు. వాళ్ల ముందు ఇదంతా నిజమని నేను చెప్పాలి.

"ఒక్క ముక్క చాలు గురువుగారూ. మీరు చెప్తే ఇంక ఎవడూ అడగడు."

27 సెప్టెంబరు

విశ్వేశ్వరరావు సైన్స్ పార్క్ క్యాంటీన్‌కు పిలిచాడు. ఇడ్లీ తెప్పించాడు.

"సత్యవాణి బాగా పని చేస్తోంది. పాప స్కూలు ఎలా ఉంది? అలవాటు పడిందా?"

"పడింది."

"పిల్లల్ని మధ్యలో స్కూలు మార్పించకూడదు. మీ పాస్ రెన్యువల్ నవంబర్లో కదూ? హెచ్.ఆర్. వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, వాళ్లే చేస్తారు. చట్నీ వేసుకోండి."

వేసుకున్నాను. చట్నీ బాగుంది. అది వాస్తవం.

ఇంటికొచ్చి సత్యవాణికి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"బెదిరించాడా?" అంది.

"బెదిరించలేదు. చట్నీ వేసుకోమన్నాడు."

ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. "చూడండి. నేను ఆయన ఆఫీసులో పని చేస్తున్నాను, ఆయన ఇంట్లో కాదు. ఉద్యోగం పోతే ఈ ఏడు ఈ ఊళ్లో ఇంకోటి దొరుకుతుంది, దొరక్కపోతే సామాను సర్దుకుందాం. మీరేం మాట్లాడతారో మీ ఇష్టం. కానీ రేపెప్పుడైనా, పెళ్లాం ఉద్యోగం కోసం నోరు మూసుకున్నానని మాత్రం నలుగురిలో అనకండి. ఆ ముక్క నా నెత్తిన పెట్టడానికి నేనొప్పుకోను."

నేను అలా అనేవాణ్ణి కాదు అన్నాను.

"అనేవారే," అంది.

30 సెప్టెంబరు

హాలు నిండింది. కనీజ్ ఫాతిమా వెనక వరసలో కూర్చుంది. రెహాన్ రాడనుకున్నాను. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

హీరో మాట్లాడాడు, సింగపూర్ శుభ్రంగా ఉందన్నాడు. విశ్వేశ్వరరావు కళాసేవ గురించి మాట్లాడాడు. కృష్ణప్రసాద్ నాకు మైకు ఇస్తూ, "ఈ కథ కల్పన కాదని చెప్పగలిగే ఒకే ఒక్క మనిషి" అన్నాడు.

నేను వార్త చదివినట్టు చెప్పాను. ఆ కుర్రాళ్లు ఎత్తుకెళ్లాలనుకున్నది ఈ వేదిక మీద ఉన్న విశ్వేశ్వరరావు గారిని. ఆయన ఫీజు తీసుకుని క్లాసు పెట్టలేదు. పొరపాటున తీసుకెళ్లింది సాదత్‌ను. సాదత్ స్వయంగా ఫోన్లో మాట్లాడాక కూడా ఈయన పోలీసులకు చెప్పలేదు, కొత్త బ్యాచ్ ఉందని. ఇవన్నీ కోర్టులో ఉన్నాయి. సినిమాలో లేవు. సాదత్ చనిపోయాడు, అదీ కోర్టులో ఉంది, సినిమాలో లేదు. చౌరస్తాలో అతను అన్న మాట నిజం. ఎందుకన్నాడో నాకు తెలియదు, దర్శకుడికి తెలియదు, డబ్బు పెట్టినాయనకు తెలియదు. ఆయన భార్యకే తెలియదు. ఆవిడ ఈ హాల్లోనే ఉన్నారు.

విశ్వేశ్వరరావు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు, అయిపోయిందన్నట్టు. సంఘం వాళ్లు ఇద్దరు ముగ్గురు అందుకుని, చుట్టూ చూసి ఆపేశారు.

ముందు వరస విలేకరి అడిగాడు. "అంటే ఇది నిజంగా జరిగిన కథ కాదంటారా?"

"కాదు. రాసుకోండి."

"అన్నా, మమ్మల్ని వాళ్లే తెచ్చిన్రు, టికెట్ పెట్టి," అన్నాడతను నెమ్మదిగా.

"నన్నూ వాళ్లే తెచ్చారు. రాసుకో."

బయట లిఫ్టు దగ్గర కృష్ణప్రసాద్ పట్టుకున్నాడు. "నా సినిమాను చంపేశారు గురువుగారూ."

"మీరు ఒకరిని బతికించారు కదా. సరిపోయింది."

2 అక్టోబరు, సోమవారం

సత్యవాణిని తీసేశారు. పనిలో లోపం అని కారణం రాశారు. కారణాలు రాయడంలో వాళ్లకు ఇబ్బంది లేదు.

దీక్షిత అడిగింది. "వీ గోయింగ్ బ్యాక్ ఆ?"

"లేదు," అన్నాను. ఆధారం లేకుండా అన్న మాట.

3 అక్టోబరు

సంఘం కార్యదర్శి సాంబశివరావు ఫోన్ చేశాడు. దసరా కార్యక్రమానికి నన్ను యాంకరింగ్ చేయమన్నారు కదా, వేరేవాళ్లను చూసుకున్నారట. "మీరు బిజీగా ఉంటారని" అన్నాడు. నేను ఏ మాత్రం బిజీగా లేనని చెప్పాను. "అయినా సరే" అన్నాడు.

దసరాకు వెళ్తాం. ముందు వరసలో కూర్చుంటాం.

19 అక్టోబరు

సత్యవాణికి ఇంకో కంపెనీలో వచ్చింది, జీతం తక్కువ. ఆఫీసు సెంబవాంగ్ పక్క, రైలు మారి బస్సెక్కాలి. ఆర్డరు చూపించి, "నా పనిలో లోపం వీళ్లకింకా తెలీదు," అంది.

కృష్ణప్రసాద్ కబురు పంపాడు. ఆ విలేకరి రాశాడట, లోపలి పేజీలో చిన్న ముక్క. అది చూసి వాళ్ల లాయరు చెప్పాడట: నిజమని మహీధర్ చేత చెప్పించండి, లేదా కల్పితమని మీరే వేసుకోండి. మధ్య దారి లేదు. ఇంకోసారి ఆలోచించమన్నాడు. పోస్టరు మీద పేరు పెద్దది చేస్తాడట.

కల్పితమనే వేసుకోండి అన్నాను.

14 జనవరి 2001

విశ్వేశ్వరరావు కంపెనీ మూతపడిందని విన్నాను. అందులో పనిచేసినవాళ్లకు జరిగింది అన్యాయం. ఆయన సంగతిలో నాకు సంతోషం కలగలేదని రాయాలి. కలిగింది.

4 మార్చి 2001, ఆదివారం

సంఘం వాళ్లు ఆదివారం పొద్దుటి ఆటకు హాలు మాట్లాడారు. మాకు చెప్పలేదు. టికెట్లు కొనుక్కుని వెళ్లాం. కనీజ్ ఫాతిమా నా పక్కన కూర్చుంది. అవతల పక్క రెహాన్.

ముగింపు మార్చలేదు. కానీ ఆ పాత్ర పేరు మార్చారు, డబ్బింగులో. నటుల పెదాలు సాదత్ అంటుంటే గొంతులు షౌకత్ అంటున్నాయి. హాలు నవ్వింది. కోళ్ల ఫారం సీన్లకు కనీజ్ ఫాతిమా కూడా నవ్వింది, పమిట అడ్డం పెట్టుకోకుండా. బీచి సీను వచ్చినప్పుడు నవ్వలేదు. తల తిప్పుకోలేదు కూడా.

ఆ తర్వాత తెర నల్లబడి తెల్లటి అక్షరాలు పడ్డాయి. జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఏం రాసిన్రు భాయ్? నాకు తెలుగు మాట్లాడొస్తది గాని సదవరాదు."

చదివాను. "ఈ చిత్రంలోని పాత్రలు, సంఘటనలు పూర్తిగా కల్పితం. ఎవరినీ ఉద్దేశించినవి కావు."

"కల్పితం అంటే?"

"అబద్ధం."

ఆమె లేచి నిలబడింది. చుట్టూ బయటికి పోతున్న మనుషులను చూసింది.

"మల్ల సదువు," అంది. "గీసారి వీళ్లందరికి ఇనపడాలె."

నేనూ లేచి నిలబడి, గొంతెత్తి మళ్లీ చదివాను.